మూడు పొయ్యిలకు ఒకే రోలు

మా వదిన పోయిందని తెలిసినప్పుడు నేను ఆమె కుర్చీలోనే కూర్చుని ఉన్నాను. శనివారం పొద్దున. యశ్వంతనగర్‌లో కాటా పక్కన మేముండే ఇంట్లో, ముందుగదిలో, కాటా వైపు కిటికీ దగ్గర ఆమె కంప్యూటరు ఉంటుంది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వరుస తర్వాత వరుసగా పైకి జరుగుతున్నాయి. ఆ పని పూర్తయిందో లేదో బళ్ళారి ఆసుపత్రిలో ఉన్న ఆమెకు చెప్పాలి. అందుకే ఫోను ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను. అది మోగింది. ఆమే అనుకుని, "ఇంకా నడస్తానే ఉండాది వదినా" అన్నాను. అవతల మా ఆయన. "అక్క పోయింది" అన్నాడు.

నేను "సరే" అన్నాను. ఆ మాట ఎందుకు వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఫోను పెట్టేశాక కూడా తెర వైపే చూస్తున్నాను. అక్షరాలు జరుగుతూనే ఉన్నాయి.

ఇది చదివేవారిలో మా వదినను ఎరిగినవాళ్ళు కొందరు ఉండవచ్చు. సండూరు దారిలో లారీలు తోలినవాళ్ళకు ఆమె కాటా అక్క. మా చర్చిలో ఆడవాళ్ళకు కంప్యూటరక్క. మా ఆయనకు తల్లి తర్వాత తల్లి. నేను చదివింది ఏడో తరగతి, అదీ కన్నడ బడిలో. తెలుగు అక్షరాలు ఎమ్మిగనూరులో ఆదివారపు బడికి పోయి, పాటల పుస్తకం చూసి నేర్చుకున్నవి. పెద్ద మాటలు నాకు రావు. ఆమె గురించి రాసేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే నేను ఈ పనికి దిగేదాన్ని కాదు. కానీ ఆమె ఏం పని చేసేదో పక్కన కూర్చుని చూసినదాన్ని నేను. అది ఎవరో ఒకరు చెప్పకపోతే, కిటికీలోనుంచి చీటీలు ఇచ్చే మనిషిగానే ఆమె మిగిలిపోతుంది.

గనులు జోరు మీదున్న కాలం. ఇనుప రాయిని ఇక్కడ అదిరు అంటారు. ఆ అదిరు నింపుకున్న లారీలు ఒకదాని వెనుక ఒకటి, మనిషి రోడ్డు దాటడానికి సందు లేనంతగా పోయేవి. చెట్ల ఆకులు, గోడలు, ఆరేసిన బట్టలు, అన్నీ ఒకే ఎర్ర రంగు. ఖాళీ నేల కనబడితే అది అదిరు పోసే ప్లాటు అయ్యేది. ప్లాటు ఉంటే పక్కన లారీలు తూచే కాటా ఉండాలి. ఖాళీ లారీని ఒకసారి, నింపిన లారీని ఒకసారి తూచి చీటీ ఇస్తారు. చీటీ లేకుండా లారీ సముద్రం దాకా పోలేదు.

ఆ చీటీ వచ్చే ప్రోగ్రాము మా వదిన రాసింది. బళ్ళారిలో చదువుకుని, కొన్నాళ్ళు ఒక గని ఆఫీసులో చేసి, అది మానేసి సొంతంగా మొదలుపెట్టింది. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంటి పక్కనున్న కాటా, కొండ కింద కాటా, అదిరును రైలుకెక్కించే సైడింగు దగ్గర కాటా, ఈ మూడింట్లోనూ ఆమె ప్రోగ్రామే. మా ఇల్లు నడిచేది దాని మీదే. మా ఆయన మూడు కాటాలూ తిరిగి మిషన్లు చూసుకునేవాడు, ఆమె మా ఇంటి పక్క కాటా కిటికీ దగ్గర కూర్చునేది.

ఆమె పోయిన వారంలో కాటాల యజమాని అన్ని చోట్లా కొత్త ప్రింటర్లు పెట్టించాడు. పాత ప్రోగ్రాముకు ఆ ప్రింటర్లతో మాట్లాడడం రాదు. సోమవారం పొద్దునకు చీటీ రాకపోతే హోస్పేట నుంచి వేరేవాళ్ళ ప్రోగ్రాము తెచ్చి పెట్టుకుంటామని మేనేజరు చెప్పి పోయాడు. ఆమె ఆసుపత్రి మంచం మీదనుంచి నాకు ఫోనులో చెప్పి చేయించిన పని అదే.

నేను ఆ ఇంటికి కొత్తకోడలిగా వచ్చినప్పుడు నోరు తెరిచేదాన్ని కాదు. ఉప్పు తక్కువైనా అడగను, దాహమైనా అడగను. అత్తమ్మ, వదిన, మా ఆయన ఉండే ఆ ఇంట్లో అన్నీ ఉమ్మడి. సబ్బు, దువ్వెన, తువ్వాలు, చెప్పులు కూడా ఎవరికి ఏవి దొరికితే అవి. మా వదిన అది కొన్నాళ్ళు చూసి, ఒకరోజు గోడగూట్లోనుంచి తన సీడీలు తీసేసి, గూటికి చిన్న తలుపు పెట్టించి నన్ను పిలిచింది.

"అమ్మీ, ఈ గూడు నీది. దీంట్లో ఏముండాదని ఈ ఇంట్లో ఎవురూ అడగరు."

"నాకెందుకు వదినా, పెట్టుకునేదానికి ఏముండాదని?"

"ఏమీ లేకపోతే ఖాళీగా పెట్టుకో. ఖాళీ గూడైనా నీదే కదా."

చాలా నాళ్ళు అది ఖాళీగానే ఉంది. అయినా రోజూ ఒకసారి తలుపు తీసి చూసేదాన్ని.

ఆమె అలవాట్లు చిన్నవి. పొద్దున కుర్చీలో కూర్చోగానే కీబోర్డు మీద కప్పిన చేతిరుమాలు తీసి, దులిపి, మడిచి, కొంగులో దోపుకునేది. ఎర్రదుమ్ము అక్షరాల సందుల్లో దూరితే ఊడదీసి కడగాలి మరి. ఏదైనా పెద్ద మార్పు చేసి మీట నొక్కేముందు కళ్ళు మూసుకుని, "ప్రభువా, పని నీది, తప్పులు నావి" అనేది. చీటీ ప్రింటయ్యాక వెంటనే ఇచ్చేది కాదు. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, తేదీ చూసి, అప్పుడు చెయ్యి బయటికి చాపేది. చారు గ్లాసులో పోసుకుని తాగేది, అదీ పళ్ళు జివ్వుమనేంత పులుపుగా.

ఆ పులుపు సంగతి ఒక డ్రైవరుకు తెలుసు. నెరిసిన గడ్డం, పెద్ద గొంతు. అతనితో మాకు పరిచయం కొట్లాటతో మొదలైంది. ఒకరోజు ప్రోగ్రాము నిలబడిపోయింది. లారీ కాటా మీదుంది, బరువు కనబడుతోంది, చీటీ మాత్రం రావడం లేదు. వెనక లారీల వరుస మలుపు దాటి పోయింది. అందరూ హారన్లు. ఈ గడ్డం డ్రైవరు దిగి వచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు.

"ఏందక్కా, మీ కంప్యూటరుకు జొరమొచ్చిందా? నిమ్మకాయ కట్టించండప్పా దానికి!"

"సొల్ప ఆగప్పా, చూస్తాండా."

"ఎంతసేపని ఆగేది? మీ యేసయ్యకు ఫోన్ కొట్టు, బేగ నడిపిస్తాడు."

"కొట్టినా. నువ్వు నోరు మూసినాక నడస్తాదంట."

వెనకున్న క్లీనర్లంతా నవ్వారు. గడ్డం డ్రైవరు కూడా నవ్వాపుకోలేక టయరు మీద తన్ని పోయాడు. వదిన మాత్రం నవ్వలేదు. ఆమె మెడ మీద చెమట నాకు కనబడుతోంది.

జరిగింది ఏమిటో ఆమె తర్వాత నాకు చెప్పింది. నాకు అర్థమైనంతలో చెబుతాను. ఆమె ప్రోగ్రాము మూడు భాగాలు. తూకం భాగం, చీటీ భాగం, లారీల కిరాయి లెక్కకట్టే బాడుగ భాగం. వేరువేరుగా తయారై, చివర ఒక్కటిగా లేస్తాయి. వాటిలో అన్నీ మనమే రాయం. తేదీలు చూసేది, ప్రింటరుతో మాట్లాడేది, కాటా పెట్టెలోనుంచి అంకె చదివేది, ఇలాంటివి ఎవరో ఎక్కడో ముందే రాసి పెట్టి ఉంటారు. వాటిని లైబ్రరీలంటారు. బళ్ళారి ఇంటర్నెట్ అంగట్లో దించుకుని సీడీలో తెచ్చుకునేది. ప్రతిదానికీ పాత రకం, కొత్త రకం, వాటికి నంబర్లు ఉంటాయి. అప్పట్లో మూడు భాగాలూ తమకు కావలసిన లైబ్రరీల నంబర్లు ఎవరికి వారే రాసుకుని ఉన్నాయి. వదిన తూకం భాగంలో తేదీల లైబ్రరీ కొత్తది పెట్టింది. చీటీ భాగంలో పాతదే ఉండిపోయింది. మూడూ కలిసి లేచేసరికి పాతదీ కొత్తదీ రెండూ వచ్చి కూర్చున్నాయి. కంప్యూటరు చేతికి పాతది ముందు తగిలింది. కొత్తదానికే తెలిసిన పని పాతదాన్ని అడిగితే అది ఏం చేస్తుంది? నిలబడిపోయింది.

మా ఆయన సాయం చేద్దామని సైడింగు కాటాకు పరుగెత్తి, అక్కడ నడుస్తోంది కదా అని ఆ ఫైళ్ళు తెచ్చి ఇక్కడ పెట్టాడు. చీటీ వచ్చింది, బాడుగ ఆగింది. వదిన తల పట్టుకుంది.

"పక్కింట్లో కూర బాగుందని వాళ్ళ చట్టి ఎత్తకొస్తే మన పొయ్యి మీద కూచుంటాదేంరా?"

ఆ తర్వాత వచ్చిన కోతపండగ నాకు బాగా గుర్తు. మా సంఘంలో కోతపండగ భోజనం చర్చి ఆవరణలోనే వండుతాం. అన్నం ఒక పొయ్యి, మాంసం ఒకటి, పప్పు ఒకటి, కాయకూర ఒకటి, పాయసం ఒకటి. ఒకప్పుడు ఏ పొయ్యివాళ్ళ మసాలా వాళ్ళే తెచ్చుకునేవాళ్ళట. ఒక కూర గొంతు మండేది, ఇంకొకటి చప్పగా ఉండేది, పంక్తిలోనే మాటలు పెరిగేవి. అందుకని పాస్టరుగారి భార్య, మా అయ్యగారమ్మ, ఒక కట్టడి పెట్టింది. ఏడాదికి ఒక ఇంటివాళ్ళు అందరికీ మసాలా నూరాలి. ఒకే రోలు, ఒకే పాళ్ళు. ఇంటినుంచి ఎవరూ పొట్లం కట్టుకుని రాకూడదు.

ఆ ఏడు వంతు మాది. తెల్లవారకముందే కూర్చుని నేను నూరాను. వదిన పాళ్ళు చూసింది. ముద్దలు పొయ్యిల దగ్గరకు మోసే పని మా ఆయనది. ఆయన ఉత్సాహంగా వరుసగా అన్ని పొయ్యిలకూ ఒక్కో ముద్ద వేసుకుంటూ పోయాడు. పాయసం పొయ్యి దగ్గరున్న అవ్వ కేక ఆవరణంతా వినబడింది.

"రేయ్! పాయసంలో అల్లం ఎల్లిపాయ ఏసి మీ మామకు పెడతావేంరా?"

"అందురికీ ఈ రోలునుంచే పోవల్లని అన్న్యారు కదవ్వా!"

"అందురికీ అంటే అందురికీనా? నీకు బుద్ధి గూడా రోలునుంచే తేవల్లేమో!"

సగం ముద్ద అప్పటికే గిన్నెలో పడింది. అవ్వ గరిటెతో దాన్ని వెతుకుతోంది, మా ఆయన పక్కన నిలబడి "అదిగో, అదిగో, మునిగె" అంటున్నాడు. నేను నవ్వాను. ఆ ఇంటికి వచ్చాక పైకి వినబడేలా నవ్వడం అదే మొదలు. వదిన నా నవ్వు విని తిరిగి చూసింది. చూస్తూ చూస్తూ ఆమె ముఖం మారింది. నా మీద కోపమేమో అని భయపడ్డాను. కాదు. ఆమె మా రోలు వైపు చూస్తోంది, తర్వాత పొయ్యిల వైపు.

ఇంటికి పోయేటప్పుడు బస్సులో చెప్పింది. "రోలు ఒకటే ఉండల్ల. ఏ మసాలా, ఏ పాళ్ళు, అదంతా రోలు కాడనే తేలిపోవల్ల. ఐతే అడిగిన పొయ్యికే పోవల్ల. అందుబాటులో పెట్టేది వేరు అమ్మీ, విస్తట్లో వడ్డించేది వేరు."

మరుసటి వారం ఆమె ఆ పని చేసింది. మూడు భాగాలకూ పైన ఒక పెద్ద ఫైలు పెట్టింది. ఏ లైబ్రరీ, ఏ నంబరు అనేది అందులో ఒక్కచోటే రాసింది. కింద మూడు భాగాల్లోనూ నంబర్లన్నీ చెరిపేసింది. ఏ భాగానికి ఏది కావాలో దాని పేరు మాత్రం రాసుకుంటుంది, నంబరు పైనుంచి వస్తుంది. మొదటిసారి మా ఆయన చేత టైపు చేయిస్తే, ఆయన అన్ని లైబ్రరీలనూ అందరికీ వడ్డించే చోట రాసి పెట్టాడు. కొండ కింద కాటాలో ఉన్నది ముసలి కంప్యూటరు. తూకం భాగం తనకక్కరలేని మూటలన్నీ మోసుకుని దానిలోకి ఎక్కేసరికి అది మూలిగి మూలిగి లేచింది. వదిన అది చూసి లోపలినుంచి అరిచింది: "పాయసంలో అల్లం!" ఆ తర్వాత మా ఇంట్లో ఏ పని ఎక్కువైనా అదే మాట.

ఒకరోజు నేను భయపడుతూనే అడిగాను. "అన్నీ ఒక్క చోటనే పెడితే, ఆ ఒక్కటీ తప్పు పోతే మూడూ పోతాయి కదా వదినా?"

ఆమె కుర్చీ నా వైపు తిప్పింది. "పోతాయి. ఐతే యాడ పోయిందని వెతికే పని ఉండదు. మార్చే చోటు ఒకటే ఉంటే భయం గూడా ఒకటే."

ఆ రోజునుంచి ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. కళ్ళు అలిసినప్పుడు తెర మీది అక్షరాలు నేను ఒక్కొక్కటిగా చదివేదాన్ని. నాకు ఆ భాష రాదు. ఏ పేరు ఎక్కడుందో మాత్రం తెలిసేది. ఒకసారి చీటీ భాగంలో తేదీల లైబ్రరీ పేరే లేదని చూశాను. అయినా అది నడుస్తోంది. ఎలా అని అడిగితే వదిన నాలుక కరుచుకుంది.

"ప్రింటరు లైబ్రరీ తనకోసరం దాన్ని ఎంట తెచ్చుకుంటాంది. దాన్నే చీటీ గూడా ఊరికే వాడుకుంటాంది. పక్కపొయ్యి వాసనతో కూర వండుకున్నట్ల. రేపు ఆ పొయ్యి ఆరిపోతే?"

అంటూనే చీటీ భాగంలో ఆ పేరు రాసింది. రాసి, నా వైపు చూసి ఇంకోమాట అంది. "నువ్వూ అంతే. నీకు కావల్సిందంతా నా నోట్లోనుంచి అడిగిస్తాండావు. అత్తకు చెప్పల్లన్నా నేనే, మొగునికి చెప్పల్లన్నా నేనే. నీకు కావల్సింది నువ్వే అడగల్ల అమ్మీ."

నేను తల ఊపాను. ఊపి, నాకు కొత్త చెప్పులు కావాలని మా ఆయనకు ఆమె చేతే చెప్పించాను. ఆమె చెప్పింది.

వానాకాలంలో ఆమెకు ఊపిరి అందడం తగ్గింది. మొదట మెట్టు ఎక్కితే, తర్వాత మాట్లాడితే, తర్వాత ఊరికే కూర్చున్నా. దుమ్ము అన్నారు, గుండె అన్నారు, నీరు చేరిందన్నారు. బళ్ళారిలో చేర్చాము. మా ఆయన ఆసుపత్రికీ, ఆమె బదులు కాటా కిటికీకీ తిరుగుతున్నాడు. గడ్డం డ్రైవరు వచ్చినప్పుడల్లా "అక్కకు బాగుందా?" అని మా ఆయనను అడిగేవాడు. కొట్లాట అయిన కొన్నాళ్ళనుంచి అతను సముద్రం పక్క ఊర్లలో దొరికే ఎండు పులుపు, కోకం అంటారు, ఆమె చారుకోసం పొట్లం కట్టి తెచ్చేవాడు. ఒక పొట్లం ఇచ్చి లోడుతో పోయినవాడు అప్పటికి ఇంకా తిరిగి రాలేదు. ఘాట్ రోడ్డులో వానలకు లారీలు నిలిచాయన్నారు.

ఆ శనివారం పొద్దున ఫోనులో ఆమె గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"పెద్ద ఫైలు తెర్సినావా?"

"తెర్సినా వదినా."

"ప్రింటరు లైబ్రరీ... నంబరు. కొత్తది. సీడీ మీద రాసుండాది చూడు."

"కనపడింది. మార్చినా."

"ఆ ఒక్క చోటే. కింద యాడా... నంబరు ఉండకూడదు."

"నొక్కల్లంటే భయమైతాంది వదినా. నువ్వొచ్చినాక చేస్తాంలే."

కాసేపు ఊపిరి చప్పుడే వినబడింది. తర్వాత, "ప్రార్థన చేసి నొక్కు" అంది. నేను కళ్ళు మూసుకుని, పని నీది, తప్పులు నావి అని గట్టిగా ఆమెకు వినబడేలా చెప్పి నొక్కాను. "అయినాక చెప్పు" అని ఫోను పెట్టేసింది. నేను ఆమె గొంతు విన్నది అదే చివరిసారి.

అది అవ్వలేదు. మా ఆయన ఫోను వచ్చాక, ఎంతసేపటికో, అక్షరాలు బాడుగ భాగం దగ్గరకు వచ్చి ఆగిపోయాయి. కింద ఎర్రర్ అని ఉంది. ఎవరికి చెప్పాలి? కీబోర్డు మీద రుమాలు కప్పి, తెరనూ, ఆ గదినీ అలాగే వదిలేసి బస్సెక్కాను.

ఆదివారం ఆరాధన అయ్యాక మట్టి చేశాము. బళ్ళారి సమాధుల తోటలో నేల నల్లది, మా యశ్వంతనగర్ ఎరుపు దానికి లేదు. అందరూ నన్ను పట్టుకుని ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. మెదడులో ఒకటే తిరుగుతోంది: అది ఆగిపోయింది, సోమవారం వస్తోంది, ఎవరినడగాలి? పెట్టె మూస్తున్నప్పుడు కూడా ఆమె చెవి దగ్గర వంగి అడగాలనిపించింది. దేవుడు క్షమించుగాక, నేను నిజంగా వంగాను. అయ్యగారమ్మ నా భుజం పట్టి లేపింది. మా అందరికీ ఆమె ఒక్కతే పెద్ద ఫైలు. అత్తమ్మ మాత్రలు, మా ఆయన కోపం, నా మాట, అన్నీ ఆమెలోనుంచే పోయేవి. ఆ ఒక్కటీ పోతే మూడూ పోతాయి కదా అని నేను అడిగిన రోజు, ఆమె పోతాయనే చెప్పింది. దాచలేదు.

పొద్దు వాలేముందు ఇంటికి చేరాము. నేను రుమాలు తీసి దులిపి కూర్చున్నాను. మా ఆయన గడపలో కూలబడి ఉన్నాడు.

"ఇడిసిపెట్టు. హోస్పేటోళ్ళు పెట్టుకోనీ. నాకు చేతకాదు."

"నాకూ చేతకాదు. చూస్తా."

తెర మీద వరుసలు చదువుకుంటూ పోయాను. ప్రింటరు లైబ్రరీ పేరు వచ్చిన చోట దాని పక్కన నంబరు ఉంది. కొత్త నంబరు కాదు, పాతది. పెద్ద ఫైలు మళ్ళీ చూశాను. అక్కడ కొత్తదే ఉంది. మరి ఈ పాతది ఎక్కడిది? కింద యాడా నంబరు ఉండకూడదు, అంది ఆమె. తూకం భాగం తెరిచాను, లేదు. చీటీ భాగంలో లేదు. బాడుగ భాగంలో, ఆ పేరు కిందే, నంబరు కూర్చుని ఉంది.

"ఈడ నంబరు ఎవురు రాసినారు?"

ఆయన లేచి వచ్చి చూశాడు. చూసి నేల మీద కూర్చుండిపోయాడు. "నేనే. మొన్న సైడింగులో బాడుగ ఆగింది. అక్క ఆసుపత్రిలో ఉండె. ఈడ ఇంకా పాత నంబరు ఏసి, సీడీ ఎత్తకపోయి పెడితే నడిచింది. అక్క వచ్చినాక చెప్దామనుకుంటి." మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. "ఎవురికీ తెలీకుండ ఇంట్లోనుంచి పొట్లం కట్టకొచ్చినా. అక్కకు చెప్పల్యా. నిన్న పొద్దున ఫోన్లో నీకు చెప్తా ఉంటే పక్కనే ఉంటి, గుర్తే రాల్యా."

అంత పెద్ద మనిషి, అన్ని బరువులు మోసే మనిషి, చిన్నపిల్లోడిలా ఏడ్చాడు. నేను ఆయన చెయ్యి పట్టి కీబోర్డు మీద పెట్టాను. ఆ నంబరు ఆయనే చెరిపాడు. మీట నేను నొక్కాను. ప్రార్థన ఇద్దరికీ గుర్తురాలేదు. వరుసలు జరిగి జరిగి, తూకం దాటి, చీటీ దాటి, బాడుగ దాటి, చివరికి అయిందని తెర చూపించింది.

నా చెయ్యి ఫోను వైపు పోయింది. అప్పుడు ఏడుపు వచ్చింది.

సోమవారం పొద్దున ఆయన సీడీ తీసుకుని కొండ కింద కాటాకు, అక్కడినుంచి సైడింగుకు పోయాడు. ఇక్కడ కిటికీ దగ్గర కూర్చోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. అప్పటిదాకా ఆ కిటికీలోనుంచి నేను చీటీ ఇచ్చిందే లేదు. మేనేజరు చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. మొదటి లారీ కాటా ఎక్కింది. అంకె వచ్చింది. నొక్కాను. కొత్త ప్రింటరు ఒక్కసారి గురగురమని, చీటీని బయటికి తోసింది. మేనేజరు వంగి చూసి వెళ్ళిపోయాడు.

నేను చీటీని వెలుతురుకు ఎత్తి పట్టాను. తేదీ చూశాను. కిటికీలోనుంచి చెయ్యి బయటికి చాపాను.

అవతల గడ్డం డ్రైవరు. ముఖమంతా ప్రయాణపు దుమ్ము. చెయ్యి చూశాడు, గాజులు చూశాడు, వంగి లోపలికి తొంగి చూశాడు.

"అక్క యాడమ్మా? ఇంకా రాలేదా బళ్ళారినుంచి?"

ఎప్పుడూ నా బదులు మాట్లాడే మనిషి కోసం పక్కకు తిరిగాను. కుర్చీ పక్కన మడిచిన రుమాలు ఉంది.

అతను చొక్కా జేబులోనుంచి పొట్లం తీశాడు. వానకు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది. "చారుకు కావల్సినంత పులుపు తెచ్చినా. ఇయ్యమ్మా అక్కకు" అని చాపాడు.

నా చేతిలో చీటీ, అతని చేతిలో పొట్లం. ఎవరిదీ ఎవరూ అందుకోలేదు. నేను నోరు తెరిచాను. వెనక లారీలు ఒకటొకటిగా హారన్లు మొదలుపెట్టాయి. దుమ్ము లేచి, తెల్లటి చీటీ అంచు నా వేళ్ళ మధ్య మెల్లగా ఎర్రబడుతోంది.